‘ఏమండీ’ తర్వాత

మా అక్కని బజారులో అందరూ స్క్రూడ్రైవరక్క అంటారు. ఎదురుగా అనరు గానీ, అన్నా తను పట్టించుకోదు. భుజాన వేలాడే సంచీలో నాలుగు రకాల స్క్రూడ్రైవర్లు, ఒక చిన్న బ్రష్షు, గుడ్డముక్క, రెండు మూడు పాత ర్యామ్ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. చిన్న దుకాణాల వాళ్ల కంప్యూటర్లు బాగు చేయడం తన వృత్తి. బాగు చేయడమంటే కొత్తది కొనిపించడం కాదు. ఉన్నదానికే ఆయుష్షు పోయడం. గిరగిర తిరిగే పాత హార్డ్ డిస్క్ తీసి కొత్తరకం ఎస్‌ఎస్‌డి పెడుతుంది, ర్యామ్ పెంచుతుంది, ఎప్పటిదో ప్రోగ్రాంలో ఇరుక్కుపోయిన దుకాణం రికార్డులన్నీ ఉచితంగా దొరికే డేటాబేస్‌లోకి మారుస్తుంది. తీసిన పాత డిస్కుని పారేయదు. పూర్తిగా తుడిచి, ఇంకో దుకాణంలో బ్యాకప్‌కి వాడుతుంది. అందుకే ఎంత చిన్న దుకాణం వాళ్లయినా తనని ధైర్యంగా పిలుస్తారు.

నేను తన చెల్లెల్ని. బళ్లో లెక్కలు చెబుతాను. మా ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే కథ, అంత గొప్పదీ కాదు. ఒకే ఇంట్లో ఉంటాం.

అక్కకి కొన్ని నియమాలున్నాయి. పాత డిస్కుని దుకాణం పేరు రాసిన కవరులో పెట్టి నెల రోజులు ముట్టుకోదు. కొత్తదాంట్లోకి మార్చిన తర్వాత కనీసం వంద రికార్డులు ఒక్కొక్కటే తెరిచి, పాతదానితో పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఇరవై రెండేళ్లలో ఈ రెండూ తప్పింది ఒక్కసారే. అదీ పరాయి దుకాణంలో కాదు.

మా వీధి చివర ఒక టైలర్ ఉన్నాడు. మేమిద్దరం ఆయన్ని అన్నయ్యా అంటాం. చుట్టరికమేమీ లేదు, పిలుపుతోనే కలిసిన బంధుత్వం. ముందు దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు. మూడు కుట్టు మిషన్లు, కత్తిరించే బల్ల, మూలన ఒక కంప్యూటర్. ఆ కంప్యూటర్ వదినది. అన్నయ్య కత్తెర పట్టేవాడు, వదిన కొలతలు రాసేది. మొదట పుస్తకాల్లో రాసేది. పుస్తకాలు చెదలు పట్టి పోయాక అక్కే ఆవిడకి ఒక పాత కంప్యూటర్ అమర్చిపెట్టి, మన అక్షరాల్లో టైపు చేయడం నేర్పింది. నాలుగు వేల మంది కొలతలు ఎక్కించింది వదిన. ప్రతి మనిషి పేరు కిందా ఛాతీ, నడుము, చెయ్యి పొడవు, అన్నిటికన్నా కింద గమనికలు అని ఒక పెద్ద గడి. అందులో ఆవిడ తన మాటలు రాసుకునేది. పొట్ట పెరిగింది, మొహం మీద అనొద్దు, ఒక అంగుళం వదిలి కుట్టండి. జేబులో కళ్లజోడు పెట్టుకుంటాడు, లోతుగా కావాలి. ఇలాంటివి.

ఆ కంప్యూటర్‌కి ముసలాయన అని పేరు పెట్టింది వదిన.

“మా ముసలాయన పొద్దున్నే లేవడానికి పది నిమిషాలు తీసుకుంటాడే,” అనేది అక్కతో. “అయినా మా ఆయనకంటే నయంలే. ఈయన లేచాక కాఫీ అడగడు.”

అన్నయ్య బల్ల దగ్గర నుంచే, “వినపడుతోందిలే,” అనేవాడు.

అక్క ఎవరింటికీ ఊరికే వెళ్లే మనిషి కాదు. పనుంటేనే. అలాంటిది వదిన దగ్గరికి మాత్రం పని లేకపోయినా వెళ్లేది. తనలో ఎన్ని కబుర్లున్నాయో నాకు ఆ దుకాణంలోనే తెలిసింది.

వదినకి జబ్బు చేసింది. కడుపులో. ఏడు నెలలు. మొదట్లో ఆసుపత్రికీ ఇంటికీ తిరిగారు, తర్వాత డాక్టర్లే ఇంటి దగ్గర ఉంచుకోమన్నారు. ఓపిక ఉన్న మధ్యాహ్నాలు ఆవిడ లేచొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది. వీపు వెనక రెండు దిళ్లు పెట్టుకుని, రెండు వేళ్లతో నెమ్మదిగా కొడుతూ.

“ఇప్పుడెందుకు వదినా ఇవన్నీ? పడుకోరాదూ,” అంది అక్క ఒకసారి.

“రికార్డులు సర్దుతున్నానే. మీ అన్నయ్యకి ఏదెక్కడుందో తెలిసి ఏడవదు కదా,” అని నవ్వింది.

అక్క దగ్గరికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “పోవే, మా దుకాణం రహస్యాలు నీకెందుకు?”

వదిన పోయింది. ఆ తర్వాత అక్క ఆ దుకాణం వైపు వెళ్లడం బాగా తగ్గించేసింది. ఎందుకని నేను అడగలేదు. ఆ మూలన ఖాళీ కుర్చీ నేను కూడా చూడలేకపోయాను.

పదకొండు నెలలు గడిచాక అన్నయ్యే మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

“అమ్మాయ్, ముసలాయన టిక్కు టిక్కుమంటున్నాడు. గడియారంలాగ. మధ్యలో ఆగిపోతున్నాడు కూడా.”

ఆ శబ్దమంటే ఏమిటో అక్కకి తెలుసు. “డిస్కు పోతోంది అన్నయ్యా. ఏ రోజైనా ఆగిపోవచ్చు. వెంటనే మార్చేయాలి. ప్రోగ్రాం కూడా మరీ పాతది, కొత్త డిస్కు మీద అది ఎక్కదు. అన్నీ కలిపి మార్చేస్తాను.”

“ఒక్క అక్షరం పోకూడదమ్మా.”

“పోదు అన్నయ్యా.”

ఆయన వెంటనే కదల్లేదు. ఇంకేదో అడగబోయి మానుకున్నట్టు నాకనిపించింది. “సరే అయితే,” అని వెళ్లిపోయాడు.

అక్క సోమవారం వెళ్లి పని చేసింది. ఆ రోజు ఏం జరిగిందో తర్వాత తనే నాకు చెప్పింది. వదిన కుర్చీలో కూర్చోలేక నిలబడే చేసిందట. కీబోర్డు మీద వదిన వేళ్లు ఆనిన చోట అక్షరాలు అరిగిపోయి ఉన్నాయట. రికార్డులన్నీ కొత్త డేటాబేస్‌లోకి మారాయి, ఒక్కటీ తగ్గలేదు. వంద రికార్డులు తెరిచి చూసింది కూడా. అయితే కొలతల వరకే చూసింది. గమనికల గడి దగ్గరికి వచ్చేసరికి, వదిన గొంతు వినపడుతుందేమోనని చూపు తిప్పేసుకుంది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. ముసలాయన అరనిమిషంలో లేచాడు. అన్నయ్య రెండు చేతులూ జోడించాడట.

గురువారం చెవి మిషన్లు అమ్మే దుకాణం నుంచి కబురు వచ్చింది. వాళ్ల బ్యాకప్ డిస్కు పాడైంది, వేరేది అత్యవసరంగా కావాలి. అక్క అలమారలో ఆ వారం మిగిలి ఉన్నది ఒక్క కవరే. వదిన డిస్కు. పరీక్షించి చూస్తే టిక్కుమన్నది డిస్కు కాదట, వదులైన తీగ. డిస్కు బాగానే ఉంది. నెల రోజుల నియమం గుర్తుంది అక్కకి. కానీ ఆ కవరు కళ్ల ముందు ఉన్నన్ని రోజులూ మనసు మనసులో లేదు. పరాయి వాళ్ల వివరాలు ఇంకొకరి చేతిలో పడకూడదని ఎప్పటిలాగే మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసి తుడిచేసింది. అలా తుడిచిన డిస్కు నుంచి ఎవరూ ఏదీ తిరిగి తీయలేరు. అది తను గర్వంగా చెప్పుకునే మాట.

మరుసటి మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. అక్క స్పీకర్‌లో పెట్టింది.

“అమ్మాయ్, తెర చిన్నదైందా? మాట పక్కకి పోయినట్టుంది. ఎలా జరపాలో తెలియట్లేదు.”

“ఏ మాట అన్నయ్యా?”

“వచ్చి చూద్దువుగాని.”

నాకు సెలవు రోజు, నేనూ వెళ్లాను. దుకాణంలో పోస్ట్‌మ్యాన్ కొలతల పేజీ తెరిచి ఉంది. ఆయన అప్పుడే ప్యాంటు గుడ్డ ఇచ్చి వెళ్లాడట. గమనికల గడిలో ఇలా ఉంది.

ఎడమ భుజం అరంగుళం దిగువ. ఏమండీ, ఈయన వచ్చాడంటే వానలు మొదలైనట్టే. మీ గొడుగు బీరువా పైన అట్టపెట్టెల

అంతే. ఆ తర్వాత తెల్లగా ఉంది.

అక్క మౌస్ అందుకుంది. గడిని పెద్దది చేసింది. కిందికి జరిపింది. ఇంకో రికార్డు తెరిచింది, అదీ సగంలో తెగింది. ఇంకోటి. ఇంకోటి. చిన్న చిన్న గమనికలు సరిగ్గానే ఉన్నాయి. పెద్దవన్నీ ఒకే చోట తెగాయి, కత్తెర పెట్టి కోసినట్టు.

“అన్నయ్యా,” అంది చివరికి, తెర మీంచి చూపు తిప్పకుండానే, “ఇందులో ‘ఏమండీ’ అని ఉందేమిటి?”

అన్నయ్య అప్పుడు చెప్పాడు. వదిన పోయిన పద్దెనిమిదో రోజున ఒక స్కూలు బస్సు డ్రైవరు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. రికార్డు తెరిస్తే కొలతల కింద వదిన ఉత్తరం. ఏమండీ, ఈయన పిల్లాడికి పెళ్లి అన్నాడు, అయిందేమో అడగండి, మీరు ఎవరితోనూ మాట్లాడకుండా మౌనంగా కూర్చుంటారని నాకు తెలుసు, అని మొదలుపెట్టి ఒక పేజీ రాసిందట. అలా ఎంతమంది కింద రాసిందో ఆయనకి తెలియదు. వెతకలేదు. ఎవరు వస్తే వాళ్లది మాత్రమే తెరిచేవాడు. పదకొండు నెలల్లో ముప్పై ఒకటి చదివాడు.

“మిగతావి ముందే చదివేయొచ్చు. కానీ ఆవిడ అలా పెట్టింది కదమ్మా, ఒక్కొక్కరి వెనకాల. వాళ్లు వచ్చినప్పుడే చదవాలని,” అన్నాడు. “అందుకే పోకూడదన్నాను. గొడుగు మాత్రం దొరికింది. వెనక గదిలో బీరువా మీద అట్టపెట్టెలోనే ఉంది, చిరిగిన చోట కొత్త గుడ్డ వేసి కుట్టింది. దాని తర్వాత ఏం రాసిందో చూద్దామనే నిన్ను పిలిచాను.”

అక్క నేల మీద కూర్చుండిపోయింది.

తప్పెక్కడ జరిగిందో తనకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పాత ప్రోగ్రాంలో గమనికల గడికి హద్దు లేదు. కొత్తదాంట్లోకి మార్చినప్పుడు ఆ గడికి మార్పిడి చేసే ప్రోగ్రాం తనంతట తనే ఒక హద్దు పెట్టుకుంది, రెండు వందల యాభై అయిదు చోట్లు. ఇంగ్లీషు అక్షరానికి అందులో ఒక్క చోటు చాలు. మన అక్షరానికి మూడు కావాలి. దాని గుణింతానికి మూడు, ఒత్తుకి మళ్లీ ఆరు. అంటే ఎనభై, తొంభై గుర్తులు, అంతే. రెండు మూడు వాక్యాలు. అంకెలకి ఏ హానీ జరగలేదు. తెగినవన్నీ మాటలే.

“పాత డిస్కు ఉంది కదక్కా?” అన్నాను నేను. ఎందుకన్నానా అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఆ పూటే చెవి మిషన్ల దుకాణానికి పరుగెత్తి ఆ డిస్కు వెనక్కి తెచ్చింది. అందులో ఏమీ ఉండదని తనకి తెలుసు. అయినా తెచ్చింది. పెద్ద నగరంలో పోయిన సమాచారం తీసిచ్చే వాళ్లుంటారు, వాళ్లకి పంపింది. ఆ పన్నెండు రోజులూ తను సరిగ్గా తిన్నది లేదు. మధ్యలో ఒక రోజు అన్నయ్యే గుండీల డబ్బా అడుగున ఒక పెన్‌డ్రైవ్ దొరికిందని తెచ్చాడు. వదిన చేతిరాతతో ‘నకలు’ అని కాగితం అంటించి ఉంది. అక్క దాన్ని వెంటనే కంప్యూటర్‌కి పెట్టింది. తెరుచుకుంది. నాలుగు వేల రికార్డులు, పూర్తి గమనికలు. అక్క మొహంలోకి రక్తం వచ్చింది. పోస్ట్‌మ్యాన్‌ది తీసింది.

ఎడమ భుజం అరంగుళం దిగువ.

అంతే ఉంది. నకలు తీసిన తేదీ చూస్తే, జబ్బు బయటపడటానికి మూడు నెలల ముందుది.

అన్నయ్య వంగి చూశాడు. “అప్పటికి ఇంకా చెప్పాల్సినవి లేవు కదా,” అన్నాడు, వదినని వెనకేసుకొస్తున్నట్టు.

పన్నెండో రోజున నగరం వాళ్ల నుంచి జవాబు వచ్చింది. మూడు లైన్లు. ఏమీ లేదు. అక్క ఆ మాట చెప్పడానికి ఒక్కతే వెళ్లింది. ఆయన మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించి విన్నాడట. తిట్టలేదు. కళ్లనీళ్లు పెట్టుకోలేదు.

“ముందు మాటలు ఉన్నాయి కదమ్మా. నువ్వేం బాధపడకు,” అన్నాడట.

“తిట్టినా బాగుండేదే,” అంది అక్క ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా. “చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.”

తర్వాత అక్క అదే పద్ధతిలో తను మార్చిన నలభై దుకాణాలూ తిరిగింది. ఒక్కొక్క రికార్డూ చూసింది. ఎక్కడా ఏమీ తెగలేదు. అంత పొడుగు మాటలు రాసుకున్న వాళ్లు ఎవరూ లేరు.

రెండు నెలల పాటు అన్నయ్య దుకాణం ముందు నుంచి నడవాల్సి వస్తుందని అక్క చుట్టు తిరిగి బజారుకి వెళ్లేది. ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు.

“అమ్మాయ్, ఒక సాయం చేస్తావా? ఆ సగం మాటలు తీసెయ్.”

అక్కకి అర్థం కాలేదు.

“ఎవరో ఒకరు వస్తారు. వాళ్ల కొలత కోసం తెరుస్తాను. సగం మాట కనపడుతుంది. ఇక ఆ రోజంతా దాని వెనకే పోతాను. నిన్న ఒకాయన కోటు గుడ్డ అడ్డదిడ్డంగా కోసేశాను. నాకా చెరపడం రాదు. వచ్చినా నా చేత్తో చెయ్యలేను.”

“నేనెలా చేస్తాననుకున్నావు అన్నయ్యా?”

“నువ్వు తప్ప నాకెవరున్నారు?”

అక్క ముందు వాటన్నిటినీ కాగితం మీద అచ్చు తీసింది, రెండు వేరు వేరు డిస్కుల్లో దాచింది. అచ్చుకాగితాలు చూడకుండానే కట్ట కట్టి అన్నయ్య చేతిలో పెట్టింది. ఇక చెరపడం. ఒకే ఆజ్ఞతో అయ్యే పని కాదు. ఎక్కడ కొలత గురించిన మాట ఆగి, ఎక్కడ ఉత్తరం మొదలైందో మనిషి కంటితో చూడాల్సిందే. మొత్తం మూడు వందల పన్నెండు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఈసారి వదిన కుర్చీలోనే కూర్చుంది అక్క. చూపు తిప్పుకోవడానికి వీల్లేదు. ప్రతిదీ చదవాలి, చదివి తీసేయాలి.

నేను బడి నుంచి నేరుగా అక్కడికి వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఒకటి నాకు కంఠతా వచ్చేసింది.

నడుము దగ్గర ఒక అంగుళం వదులు. ఏమండీ, నేను మీకెప్పుడూ చెప్పలేదు గానీ, మన పెళ్లయిన కొత్తలో ఒక రోజు మ

ఆ ‘మ’ దగ్గర అక్క చాలాసేపు ఆగిపోయింది. అన్నయ్య అటు తిరిగి చొక్కాకి కాజాలు కుడుతున్నాడు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అక్క కర్సర్‌ని ‘ఏమండీ’ ముందు పెట్టి చెరిపేసింది. ‘నడుము దగ్గర ఒక అంగుళం వదులు’ మిగిలింది.

మూడో రోజు చివరికి తన పేరే వచ్చింది. తన బట్టలూ అక్కడే కుట్టించుకునేది మరి. తెరిచి, చదివి, అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను వంగి చూశాను.

చేతులు పొడవు. ఏమండీ, ఇది నేను లేనని ఇటు రావడం మానేస్తుంది. మొహమాటం దీనికి. మీరే వెళ్లి ఆదివారం భో

“అన్నయ్యా, ఒకసారి రావా?” అన్నాను నేనే.

ఆయన సూది గుడ్డలో గుచ్చి వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన ఏడవడం అప్పుడే చూశాను. పెద్దగా కాదు. భుజాలు కదిలాయి, అంతే.

“దీన్ని ఏం చేయమంటావు?” అంది అక్క.

“ఉండనీ,” అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఆదివారం ఇద్దరూ రండి. నాకు వంట రాదు. ఏదో ఒకటి చేస్తాను,” అన్నాడు.

వెళ్లాం. అన్నం పలుకుపలుకుగా ఉంది, కూర మాడింది. అక్క మారు వడ్డించుకుని తిన్నది. వదిన ఊసు ఎవరూ ఎత్తలేదు. తిన్నాక కంచాలు అక్కే కడిగింది, అన్నయ్య వద్దంటున్నా వినకుండా. తిరిగొస్తూ మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని, ఆ పని జరిగిన తర్వాత మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది. పట్టపగలు, నడిరోడ్డు మీద. నేను పక్కన కూర్చున్నాను. ఎవరో తెలిసినాయన సైకిలు ఆపి ఏమైందని అడిగితే, కంట్లో నలుసు పడిందని చెప్పాను.

ఇది జరిగి నాలుగేళ్లు. అక్క ఆ పని మానలేదు. ఇప్పుడు ఏ దుకాణంలోనైనా పాతదాన్ని విప్పే ముందు గమనికలన్నీ అచ్చు తీసి యజమాని చేతికి ఇస్తుంది. ఎందుకని అడిగితే, నియమం అంటుంది. పాత డిస్కులు నెల రోజులు కాదు, ఇక ఎప్పటికీ తుడవదు. అలమార నిండిపోయి మంచం కిందికి వచ్చాయి. ఊడ్చినప్పుడల్లా చీపురు వాటికి తగులుతుంది. తీసేయమని నేను చెప్పను.

ఆదివారాలు అన్నయ్య దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. వంట కొంచెం నేర్చుకున్నాడు. వానలు పడితే ఆ గొడుగు వేసుకుని మమ్మల్ని వీధి మలుపు దాకా దింపుతాడు. అచ్చుకాగితాల కట్ట విప్పాడో లేదో మాకు తెలియదు, మేం అడగలేదు. కొలతలు ఇప్పుడు తనే ఎక్కించుకుంటున్నాడు, ఒక్క వేలితో. గమనికల గడిలో మాత్రం ఏమీ రాయడు. అక్క ఆ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా, కంప్యూటర్ వైపు వీపు పెట్టే కూర్చుంటుంది.